పెద్దనాన్న షెడ్డులోని మూడు బండ్లు: రెండేళ్లు వాడాక

హాలియా దగ్గర మా పెద్దనాన్న బత్తాయి తోటలో రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఆయన 2020లో పోయారు. మూడేళ్ల పాటు ఆ తలుపు ఎవరూ తీయలేదు. 2023 దసరాకు తీసి చూస్తే లోపల 1996 నాటి బజాజ్ చేతక్, 2010 మోడల్ స్విఫ్ట్ డీజిల్, ఒక మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు ఉన్నాయి. ఒక్కదానికీ తాళంచెవి లేదు. "ఆయన ఎక్కడ పెట్టేవారో ఆయనకే తెలుసు బిడ్డా" అంది పెద్దమ్మ.

ట్రాక్టరు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. పక్క తోటాయన తన ట్రాక్టరు చెవి పెట్టి తిప్పితే మాదీ తిరిగింది. బజారులో అలాంటి చెవి టీ ఖర్చుకు దొరుకుతుంది. డీజిల్ గొట్టంలో చేరిన గాలి తీసి, ఫిల్టర్లు మార్చి, కొత్త బ్యాటరీ పెడితే మూడో ప్రయత్నానికి అందుకుంది. దాన్ని ఆపేది తాళంచెవి కాదు, లాగితే ఇంజన్‌కు డీజిల్ ఆపేసే పుల్ల. ఈ మాట తెలియని మా తమ్ముడు చెవి చేతిలో పట్టుకుని, ఆగని ఇంజన్‌ను చూస్తూ నిలబడ్డాడు.

మిగిలిన రెండింటి కోసం నల్లగొండ నుంచి తాళాలు చేసే ఒక పెద్దాయనను తీసుకెళ్లాం. పనిముట్ల పెట్టె తెరవక ముందే ఆర్‌సీలు, మరణ ధ్రువపత్రం, నా ఆధార్ అడిగారు. "సొంత పెద్దనాన్న తోటే కదా భాయ్" అన్నాను. "తోట మీదే సార్, బండి ఎవరిదో కాగితం చెప్పాలి" అని నంబర్లు పుస్తకంలో రాసుకున్నారు. అప్పుడు కాస్త చిరాకు పడ్డాను. ఇప్పుడు మాత్రం కాగితం అడగనివాడికి బండి తాళం పని ఇవ్వవద్దనే చెబుతాను.

చేతక్ హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి లాకై ఉంది. ఆయన గాట్లు కోయని ఖాళీ చెవిని కొవ్వొత్తి మంట మీద మసి పట్టించి, లాకులో దూర్చి, కొద్దిగా బిగబట్టి అటూ ఇటూ ఆడించారు. బయటికి తీస్తే మసి మీద నాలుగైదు చోట్ల సన్నటి మెరుపు గీతలు. లోపలి పలకలు ఎక్కడ తగులుతున్నాయో అక్కడే ఆకురాయి పెట్టి రెండు రాపిడులు రాసి, మళ్లీ మసి, మళ్లీ లాకు. ఇలా ముప్పావు గంట. చివరికి టక్కుమని హ్యాండిల్ వదిలింది. నా నుంచి తీసుకున్నది మూడు వందలు.

స్విఫ్ట్ దగ్గర పని వేరు. డ్రైవరు తలుపు తాళం రంధ్రంలో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టింది. అందుకని రెండో పక్క తలుపు తీయించి, లాకు బయటికి లాగి, దాని పలకల ఎత్తులు చూసి చెవి కోశారు. ఆ చెవితో స్టీరింగ్ వదిలింది కానీ ఇంజన్ అందుకోలేదు. ఈ కారు చెవిలో చిన్న చిప్పు ఉంటుంది. తాళం చుట్టూ ఉన్న తీగ చుట్ట నుంచే దానికి కరెంటు అందుతుంది. అది పంపే సంకేతాన్ని ఇంజన్ కంప్యూటర్ గుర్తుపడితేనే ఇంజన్ నడవనిస్తుంది. స్టీరింగ్ కింది సాకెట్‌కు యంత్రం తగిలించి రెండు కొత్త చెవులు నమోదు చేశారు. రెండింటికీ కలిపి 4,500.

ఇంతవరకూ సంతోషమే. తొందరపాటు మాది. తాళం తిరిగింది కదా అని ఆ సాయంత్రమే జంపర్ వైర్లతో స్టార్టు చేయించాం. ట్యాంకులో మూడేళ్ల నాటి డీజిల్, అడుగున నీళ్లు. వారం తిరగకుండా ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మొరాయించాయి. ఎలుకలు కొరికిన వైర్లు అప్పటికి ఎవరూ చూడనేలేదు. ఆ మరమ్మతుకు పోసిన డబ్బుతో ఇలాంటి చెవులు ఇరవై చేయించుకోవచ్చు. స్టార్టు చేయించిన మెకానిక్ మాత్రం "ముందే చెప్పాను కదా సార్" అన్నాడు. చెప్పలేదు.

ఆ దెబ్బతో చేతక్ విషయంలో బుద్ధి వచ్చింది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కొంచెం ఆయిలు పోసి, రెండు రోజులు కదపలేదు. తర్వాత రెండో గేరులో బండిని మెల్లగా తోస్తే పిస్టన్ కదిలింది. ట్యాంకు తుప్పు కడిగించి, కార్బొరేటర్ జెట్లు ఊదించి, లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిలు కలిపిన కొత్త పెట్రోలు పోశాం. పక్కకు వంచి, నిలబెట్టి, కిక్కు కొడితే నాలుగోసారికి పొగ. ఆ పొగ వాసనకు పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది.

నాలుగు నెలలకు మరో తంటా. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ రంకెలు వేస్తూనే ఉండేది. ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్ చివర్లలో ఉండే రబ్బరు ఆయిలు సీళ్లు ఎండి గట్టిపడి, ఆ సందులోంచి గాలి పీల్చుకుంటోందని తేలింది. ఆగి ఉన్న టూ స్ట్రోక్ బండిని (చేతక్‌లా పెట్రోలులో ఆయిలు కలిపి నడిపేది) లేపేవాళ్లు ఇవి మొదటే మార్పించుకోవడం మేలు. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు పైపు రెండుసార్లు మెత్తబడి ఉబ్బింది. ఆ పెట్రోలుకు తట్టుకునే పైపు వేయించాక ఆ బాధ లేదు.

కాగితాల దగ్గర అసలైన ఆలస్యం జరిగింది. యజమాని పోయాక 30 రోజుల్లో అధికారికి తెలిపితే వారసులు మూడు నెలలు బండి వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మేము వెళ్లింది మూడేళ్లకు. అఫిడవిట్లు, పెద్దమ్మ సంతకాలు, అన్నదమ్ముల అంగీకార పత్రాలు, అక్కడ నిలబడి అరిగిన చెప్పులు. స్విఫ్ట్‌కు 2025లో 15 ఏళ్లు నిండితే తనిఖీ చేయించి మరో ఐదేళ్లు పొడిగించుకున్నాం.

ఇక చెవులు ఎలా నిలిచాయంటే, స్విఫ్ట్ చెవి ఒకటి నిరుడు కాలువలో పడింది. ఆరబెట్టాక రిమోట్ బటన్లు పనిచేయలేదు కానీ, చిప్పుకు బ్యాటరీతో పని లేదు కనుక కారు మామూలుగానే స్టార్టవుతోంది. షోరూములో అడిగిన ధర ఇంతకు రెట్టింపు పైనే, కాబట్టి ఆ పెద్దాయన పనికి వంక పెట్టను.

చేతక్ చెవి మాత్రం ఏడాదికే అంచులు అరిగి లాకులో జారడం మొదలుపెట్టింది. కొత్తగా ఉన్నప్పుడే దాని నకలు తీయించకపోవడం నా తప్పు. అరిగిన చెవి నుంచి తీసిన నకలు ఇంకాస్త తప్పుతుంది. మళ్లీ మసి పట్టించి మొదటి నుంచి చేయించాల్సి వచ్చింది. ఈసారి రెండు చేయించి ఒకటి గోడకు తగిలించాను. పక్క డిక్కీ తాళం ఇప్పటికీ పట్టు ఇవ్వలేదు. దాన్ని స్క్రూడ్రైవరుతోనే తెరుస్తున్నాను.