పేరు చెప్పని మైక్రోస్కోప్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

కొన్న మొదటి వారంలో ఈ సమీక్ష రాసి ఉంటే నా స్టీరియో మైక్రోస్కోప్‌కి ఐదు చుక్కలు ఇచ్చేదాన్ని. ఆరు నెలలకు రాసి ఉంటే రెండు. ఇప్పుడు తొమ్మిదేళ్లు నిండాయి. ఎన్ని చుక్కలివ్వాలో నాకే తేలడం లేదు. అందుకని రోజూ దాని ముందు కూర్చునే మనిషిగా ఏది అక్కరకొచ్చింది, ఏది డబ్బాలోనే ఉండిపోయింది అన్నది చెబుతాను.

నేను చూసేవి ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రాణులు. రాలిన ఆకుల్ని జల్లెడ పడితే కింద పడే సాలీళ్లు, బెరడు కింద నక్కే పెంకు పురుగులు, నువ్వుగింజలో సగం కూడా లేని కందిరీగలు. వీటిలో చాలావాటికి వాడుక పేర్లు లేవు. శాస్త్రీయ నామమైనా ఉందో లేదో వెతుక్కోవాలి. నాకిది ఉద్యోగం కాదు, సాయంత్రాల వ్యసనం.

పరికరం మధ్యస్థ రకం. జూమ్ 0.7 నుంచి 4.5 వరకు, కళ్లు పెట్టి చూసే ఐపీసులు 10 రెట్లవి, అంటే మొత్తం మీద 7 నుంచి 45 రెట్లు. కెమెరాకి మూడో గొట్టం ఉంది. కింద తగిలించుకునే 2 రెట్ల అదనపు లెన్స్, ఆబ్జెక్టివ్ (పురుగు వైపుండే లెన్స్) చుట్టూ బిగించే రింగ్ లైట్ జతగా వచ్చాయి.

నిజం చెప్పాలంటే ఆ అదనపు లెన్స్ చూసే ముచ్చటపడ్డాను. తగిలిస్తే 90 రెట్లు కదా! తగిలించాక తెలిసింది, లెన్స్‌కీ పురుగుకీ మధ్య ఉండే పది సెంటీమీటర్ల ఖాళీ మూడు సెంటీమీటర్లకు దిగిపోతుందని. ఆ సందులో ఫోర్సెప్స్ పెట్టాలా, సూది పెట్టాలా, లైటు పెట్టాలా? పైగా బొమ్మ పెద్దదవుతుందే గానీ కొత్త వివరం పెద్దగా రాదు, మసక మాత్రం పెరుగుతుంది. తొమ్మిదేళ్లలో ఆ లెన్స్‌ని పదిసార్లు కూడా బయటికి తీయలేదు. నా పనిలో ఎక్కువ భాగం 15కీ 30కీ మధ్యే జరిగిపోతుంది. కొనేవాళ్లు రెట్లు చూసి మోసపోకండి, ఆ ఖాళీ ఎంతో చూడండి.

ఇక అది ఏం చూపిస్తుందన్న సంగతి. సాలీడు కుటుంబం పట్టుకోవడానికి ముందు కళ్ల వరుస చూస్తాను. చాలా సాలీళ్లకు ఎనిమిది కళ్లు. గెంతుడు సాలీళ్లకు ముందు రెండు కళ్లు దీపాల్లా పెద్దవి. తోడేలు సాలీళ్లకు కింద వరుసలో నాలుగు చిన్నవి, వాటి పైన రెండు పెద్దవి, ఇంకా వెనక మరో రెండు. ఆకుల చెత్తలో దొరికే ఓనోపిడే కుటుంబపు సాలీళ్లలో చాలావాటికి ఆరే ఉంటాయి, ఒళ్లంతా కలిపి 1 నుంచి 3 మిల్లీమీటర్లు. కోరలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా, ఎదురెదురుగా కత్తెరలా కలుస్తున్నాయా, కాలి కొసన గోళ్లు రెండా మూడా, ఇదంతా ఈ మైక్రోస్కోప్ కింద ఐదు నిమిషాల పని. అంతవరకూ ఐదు చుక్కలే.

రెండు చుక్కల కాలం ఆ తర్వాత మొదలైంది. కుటుంబం నుంచి ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకి), ప్రజాతి నుంచి జాతికి దిగబోతే ప్రతి మెట్టు మీదా ఇరుక్కుపోయేదాన్ని. రంగు, మచ్చలు, కాళ్ల మీది పట్టీలు, కళ్లకు ఇంపుగా కనబడేవన్నీ ఒకే జాతిలో కూడా మారుతుంటాయి. సాలీళ్లలో జాతిని నమ్మకంగా తేల్చేది జననాంగాల ఆకారం. ఆడదానికి పొట్ట అడుగున ఉండే ఎపిజైన్ అనే గట్టి పలక, మగదానికి నోటి పక్కన చిన్న కాలులా ఉండే పెడిపాల్పు కొసన గుప్పెట బిగించినట్టు ఉబ్బి ఉండే భాగం. ఈ రెండూ పూర్తిగా ఏర్పడేది ఆఖరిసారి కుబుసం విడిచాకే. అంటే పిల్ల సాలీడు ఎంత అందంగా ఉన్నా, ఎంత కష్టపడి పట్టినా, చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోవాలి. గుర్తింపు కీలు, అంటే ఒక్కో లక్షణం అడుగుతూ పేరు దాకా నడిపించే పట్టికలు, దాదాపుగా పెద్దవాటి కోసమే రాస్తారు. ఈ ముక్క తెలియక మొదటి ఏడాది పిల్లల్ని కీలో నడిపించి నడిపించి, చివర్లో ఏదో ఒక పేరు తగిలించి సంతోషపడ్డాను. ఆ పేర్లన్నీ తర్వాత కొట్టేయాల్సి వచ్చింది.

అప్పట్లో తప్పంతా మైక్రోస్కోప్‌దే అనుకున్నాను, సరిగా చూపించడం లేదని. అసలు తంటా వెలుతురుది. రింగ్ లైట్ అన్ని వైపుల నుంచీ ఒకేలా పడుతుంది. పెంకు పురుగు వీపు అద్దంలా మెరిసి, ఆ మెరుపులో చుక్కల గుంటలన్నీ మాయమవుతాయి. ఆల్కహాల్‌లో ఉంచిన సాలీడైతే ద్రవం పైన తెల్లటి వలయం తేలుతుంది, దాని కింద ఎపిజైన్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. మెడ వంచుకునే రెండు ఎల్‌ఈడీ దీపాలు తెచ్చి, ఒకటి పక్క నుంచి బాగా వాలుగా, రెండోది కాస్త దూరంగా పెట్టి, మధ్యలో ట్రేసింగ్ పేపర్ గొట్టం చుట్టి నిలబెట్టాను. ఆ రాత్రి అప్పటికి మూడుసార్లు చూసి పక్కన పెట్టిన సాలీడే కొత్త ప్రాణిలా కనబడింది. పలక అంచులు, మధ్య గాడి, పక్కల రంధ్రాలు, అన్నీ. పరికరం అదే, లెన్స్ అదే. రింగ్ లైట్ ఇప్పుడు సీసాల మీది లేబుళ్లు చదువుకోవడానికి వాడుతున్నాను.

వెలుతురు తర్వాత పురుగుని కదలకుండా నిలబెట్టడం. ఆల్కహాల్‌లో సాలీడు పక్కకి దొర్లుతుంది. ఎపిజైన్ కాస్త వాలినా దాని ఆకారం వేరేలా కనబడి మనల్ని తప్పుడు జాతికి తీసుకుపోతుంది. పెట్రీ డిష్ అడుగున కడిగిన సన్న ఇసుక పోసి అందులో గుంట చేసి కూర్చోబెడితే చాలు. ఫొటో తీయాలంటే ఇసుక బదులు చేతులు శుభ్రం చేసుకునే ఆల్కహాల్ జెల్ కొంచెం వేసి దానిలో నిలబెడతాను, బుడగలు రాకుండా నెమ్మదిగా. పైన ఆల్కహాల్ పూర్తిగా మునిగేలా పోయాలి, ఒక్క కాలు పైకి తేలినా మెరుపు మళ్లీ మొదలు. ఒక అలవాటు చెబుతాను: బొమ్మ వేసేటప్పుడు ఎడమ పాల్పునే వేయడం ఈ రంగంలో ఆనవాయితీ. నేను మొదట్లో ఏది బాగా కనబడితే అది వేసేసి, పాత బొమ్మలతో పోల్చేటప్పుడు కుడిఎడమలు తిరగబడి తల పట్టుకున్నాను.

కొలతల దగ్గర నేను తిన్న దెబ్బ మరీ ఎక్కువ. ఐపీస్‌లో గీతల స్కేలు ఉంటుంది. ఏ జూమ్ దగ్గర ఒక గీత ఎన్ని మైక్రాన్లో ముందుగా స్టేజ్ మైక్రోమీటర్ (కచ్చితమైన కొలత గీతలున్న గాజు పలక) కింద పెట్టి లెక్క కట్టుకోవాలి. నా పరికరంలో జూమ్ గుండ్రంగా తిరుగుతూ పోతుంది, ఎక్కడా టక్కుమని ఆగదు. 20 అనుకున్నది 21 కావచ్చు, 19 కావచ్చు. రెండో ఏడాదంతా రాసుకున్న కాళ్ల కొలతల్లో దేన్నీ నమ్మలేక అన్నీ మళ్లీ కొలిచాను. జూమ్ తిప్పేటప్పుడు గుర్తుల దగ్గర చిన్న శబ్దంతో ఆగే రకం దొరికితే దానికే ఓటేయండి. నాది అలా ఆగదు గనుక నాలుగు చోట్ల రంగు దారం అంటించి గుర్తు పెట్టుకున్నాను, ఆ నాలుగు చోట్ల తప్ప కొలవను.

మైక్రోస్కోప్‌తో సంబంధం లేకపోయినా లేబుల్ గురించి చెప్పకుండా ఉండలేను. మొదట్లో బాల్ పెన్‌తో రాసి సీసాలో వేశాను. వారానికి ఆల్కహాల్ నీలంగా, కాగితం తెల్లగా మిగిలాయి. నలభైకి పైగా సీసాలు, ఏది ఎక్కడిదో తెలియదు. లేజర్ ప్రింట్ అక్షరాలు కూడా కొన్నాళ్లకు పొరలుగా లేచిపోయాయి. ఇప్పుడు పెన్సిల్, లేదా చెరగని పిగ్మెంట్ ఇంకు, అంతే. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు పట్టారు, ఎలాంటి చోట. పేరు తర్వాతైనా రాసుకోవచ్చు, ఇవి పోతే ఇక రావు. లేబుల్ ఉన్నా అది ఎంత చెబుతుందో చూసుకోవాలి. పోయిసిలోథెరియా మెటాలికా అనే నీలి టరాంటులా రకం సాలీడుని 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త వర్ణించినప్పుడు దొరికిన చోటు గుత్తి అని నమోదైంది. వందేళ్లకు పైగా మళ్లీ జాడ లేదు. 2001లో కనబడింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. మొదటిది గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికింది, దుంగలతో పాటు వచ్చి ఉంటుందని ఇప్పుడు భావిస్తున్నారు. పట్టిన చోటు, బతికే చోటు ఒకటే కానక్కర్లేదన్నమాట.

కెమెరా గొట్టం గురించి రెండు ముక్కలు. లివర్ లాగితే ఒక ఐపీస్‌కి వెలుతురు ఆగి కెమెరాకి పోతుంది, చూస్తూ తీయడం కుదరదు. ఫోకస్ కొంచెం కొంచెం మారుస్తూ ముప్పై నలభై ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలుపుకుంటే బాగుంటాయి. దీనికోసమే అయితే వేరే ఏర్పాటు చూసుకోండి.

మొదటి ఐదేళ్లూ బాగానే నడిచింది. ఆ తర్వాత కొన్ని లోపాలు బయటపడ్డాయి. తల బరువుకి చెయ్యి మెల్లగా కిందికి జారుతోంది, బిగించే మర అరిగింది. ఎడమ ఐపీస్ లోపల బూజు పాకింది, అది మాత్రం నా నిర్లక్ష్యమే, తేమ పీల్చే సిలికా జెల్ పెట్టకుండా వానాకాలమంతా కవరు కప్పి వదిలేశాను. జూమ్ తగ్గిస్తే ఫోకస్ పోతోందని చాలాకాలం తిట్టుకున్నాను. ముందు పెద్ద జూమ్‌లో ఫోకస్ చేసి, తర్వాత చిన్న జూమ్‌కి వచ్చి ఐపీసుల రింగులు ఒక్కోటి సరిచేసుకోవాలని నాలుగో ఏట తెలిసింది. అది పరికరంతో వచ్చిన కరపత్రంలోనే ఉంది. చదవలేదు.

దీనితో ఎంత గింజుకున్నా కుదరనివి కొన్ని. ఎపిజైన్ లోపలి నాళాలు, వీర్యకోశాలు చూడాలంటే దాన్ని విడదీసి లాక్టిక్ ఆమ్లంలోనో లవంగ నూనెలోనో పారదర్శకం చేసి, మామూలు కాంపౌండ్ మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. పెంకు పురుగుల్లో చాలావాటికి మగ జననాంగం తీసి చూడక తప్పదు. ఇక డికోపోమోర్ఫా ఎక్మెప్టెరిజిస్ అనే పరాన్నజీవి కందిరీగ మగది 0.139 మిల్లీమీటర్లే, అలాంటివి దీని కింద ఒక దుమ్ము చుక్క. డీఎన్‌ఏ కోసం ఒక కాలు విడిగా 95 శాతం ఆల్కహాల్‌లో పెడతాను. ఒళ్లు మొత్తం అందులోనే ఉంచితే బిరుసెక్కి కాళ్లు పుటుక్కుమంటాయి, అందుకే మిగతాది 75–80 శాతంలో.

ఇన్ని చెప్పాక, పేర్లు దొరికాయా? దాదాపు ఆరు వందల సీసాల్లో జాతి దాకా ధైర్యంగా రాసినవి నూటెనభై. ఒకప్పుడు ఈ లెక్క చూసి సిగ్గుపడేదాన్ని, ఇప్పుడు లేదు. వరల్డ్ స్పైడర్ కేటలాగ్‌లో సాలీడు జాతుల సంఖ్య 2022 ఏప్రిల్‌లో యాభై వేలు దాటింది. అందులో ఒక్కో పేరు తెరిచి చూస్తే మగదా ఆడదా ఏది తెలుసో గుర్తు ఉంటుంది, ఒక్కటే తెలిసినవి ఎన్నో. మగది ఒక పేరుతో, ఆడది మరో పేరుతో వర్ణించబడి, తర్వాత రెండూ ఒకటేనని తేలి ఒక పేరు రద్దయిన సందర్భాలు కొల్లలు. నా దగ్గరి సాలీడు కేటలాగ్‌లో లేదంటే కొత్త జాతి అని కాదు. ఎవరో వందేళ్ల కిందట రాసిన నాలుగు వాక్యాల లాటిన్ వర్ణన వెనక అదే ఉండొచ్చు. తేల్చాలంటే హోలోటైప్, అంటే ఆ పేరుకి ఆధారమైన అసలు నమూనా, ఏ మ్యూజియంలో ఉందో అక్కడిదాకా పోవాలి. కొత్తదే అయినా, దగ్గరి జాతులతో తేడా చెప్పే డయాగ్నోసిస్ రాయాలి, టైప్ నమూనాని అందరికీ అందుబాటులో ఉండే సేకరణలో పెట్టాలి, వర్ణనని ఆన్‌లైన్‌లోనే ప్రచురిస్తే జంతువుల శాస్త్రీయ నామాల రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు కావాలి, 2012 నుంచి అలా ఆన్‌లైన్‌లోనే ప్రచురించే వెసులుబాటు వచ్చింది. నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఆ కుటుంబం మీద పనిచేసేవాళ్లకు కొలతలు, బొమ్మలు పంపుతాను.

ఎవరు కొనాలి? ఫొటోలు తీసి పేరు అడిగితే చాలనుకునేవాళ్లకు ఇది దండగ, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ మేలు. చచ్చిన సాలీడు పొట్ట కింద గంటసేపు చూసే ఓపిక ఉంటే కొనండి, లైట్లకి విడిగా డబ్బు ఉంచుకుని.

నేను మాత్రం మర బాగుచేయించి వాడుతూనే ఉన్నాను. 214 నంబరు సీసాలో ఒక ఓనోపిడే మగది ఉంది, 1.6 మిల్లీమీటర్లు, పాల్పు కొస కొక్కెంలా వంగి ఉంటుంది, నేను చూసిన ఏ బొమ్మతోనూ కలవదు. ఆడది దొరకలేదు. ఆరేళ్లుగా ఆ లేబుల్ మీద ప్రజాతి పేరు, పక్కన ఒక ప్రశ్నార్థకం ఉన్నాయి. పెన్సిల్‌తో రాసినవే. అదే చోటి నుంచి తెచ్చిన ఆకుల సంచి నిన్ననే జల్లెడ పట్టాను, ఇంకా చూడలేదు.