గూగుల్ షీట్‌లో మా బాహా టీమ్ డిజైన్ లాగ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

పోయిన ఏడాది విజయవాడ ఆటోనగర్ నుంచి మా బాహా టీమ్ జూనియర్ ఫోన్ చేశాడు. (బాహా అంటే ఇంజనీరింగ్ విద్యార్థులే ఆఫ్‌రోడ్ బండి తయారుచేసి తలపడే పోటీ.) "అక్కా, 29.2 ట్యూబులో 1.65 మందం లేదంట. 1.6 ఉంది, రేటు కూడా కాస్త తక్కువే. తీసేసుకోమంటావా?" అప్పటికి నేను కాలేజీ వదిలి ఏడాది దాటింది. లెక్క గుర్తులేదు. "డబ్బులివ్వకు, రెండు నిమిషాలాగు" అని చెప్పి, ఏ భాగం ఎలా, ఎందుకు చేశామో రాసుకునే గూగుల్ షీట్, అంటే మా డిజైన్ లాగ్ తెరిచి "ట్యూబ్" అని వెతికాను.

41వ వరుసలో ఉంది. రోల్‌కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే రక్షణ చట్రం) ప్రధాన ట్యూబులకు పోటీ రూల్‌బుక్ ఇచ్చే కొలమానం 25.4 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న 1018 రకం స్టీలు ట్యూబు. వేరే సైజు వాడితే వంగకుండా నిలిచే గట్టిదనంలోనూ, బలంలోనూ దానికి తగ్గకూడదు. స్టీలు ఏదైనా యంగ్స్ మాడ్యులస్ (లోహం ఎంత బిరుసో చెప్పే సంఖ్య) ఒక్కటే తీసుకోవాలి కాబట్టి గట్టిదనం లెక్క మొత్తం మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (ట్యూబు వ్యాసం, మందాల నుంచి వచ్చే విలువ) మీదే ఆధారపడుతుంది. రూల్‌బుక్ ట్యూబుకి అది 13,479 మి.మీ.⁴ వస్తుంది. మేం వాడే 29.2 × 1.65 కి 13,598. అంటే ఒక్క శాతం కూడా తేడా లేకుండా గట్టెక్కాం. అదే 1.6 మందమైతే 13,255. ఫెయిల్. మా ట్యూబు 4130 క్రోమోలీ అనే అల్లాయ్ స్టీలు. దానికి యీల్డ్ స్ట్రెంగ్త్ (శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే ఒత్తిడి) ఎక్కువ కాబట్టి బలం లెక్క మాత్రం 1.6 తో కూడా హాయిగా పాసవుతుంది. ఆ ఒక్క లెక్కే చూసుకున్నవాళ్లు ధైర్యంగా కొనేస్తారు. పక్కన "వద్దనుకున్నవి" అనే గడిలో నా క్లాస్‌మేట్ ఎప్పుడో రాసిపెట్టాడు: "1.6 మందం దొరుకుతుంది, తీసుకోవద్దు. స్టిఫ్‌నెస్ చాలదు."

నేను చదివి వినిపించేలోపే అటునుంచి, "కనిపించిందక్కా, నా ఫోన్లో కూడా ఓపెన్ చేశాను. వదిలేస్తున్నా" అన్నాడు. ఈ సమీక్ష రాయాలనిపించింది ఆ ఫోన్ కాల్ వల్లే.

అంతకుముందు మా పద్ధతి చాలా టీముల్లో ఉన్నదే. మాట్లాడుకునేదంతా వాట్సాప్ గ్రూపులో, క్యాడ్ ఫైళ్లు (కంప్యూటర్లో గీసిన డిజైన్లు) ఒక సీనియర్ ల్యాప్‌టాప్‌లో, లెక్కలు ఎవరి రఫ్ నోట్సులో వాళ్లకి. నేను సెకండియర్‌లో ఉండగా ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో బాహా పోటీకి వెళ్లాం. డిజైన్ ఇవాల్యుయేషన్‌లో జడ్జి ట్రెయిలింగ్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కలిపే కడ్డీ) చూపించి, పివట్ (అది ఊగే కీలు) అక్కడే ఎందుకు పెట్టారని అడిగారు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "సీనియర్స్ అలా డిజైన్ చేశారు సార్" తప్ప ఇంకో మాట రాలేదు. నిజానికి దానికి మంచి కారణమే ఉంది. చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ కోణం హద్దు దాటకుండా పివట్‌ని 18 మి.మీ. ముందుకు జరిపారు. ఆ సంగతి ఇంటికొచ్చాక గ్రూపులో పాత ఫొటోలు వెతుకుతుంటే ఒక వైట్‌బోర్డు మీద దొరికింది. ఎవరో కష్టపడి ఆలోచించిన విషయం అలా పోవడం నాకు చాలా బాధనిపించింది.

ఆ వేసవిలోనే షీట్ మొదలుపెట్టాం. తొలిసారి ఒక్కో వరుసకి 16 గడులు పెట్టాం, రెండు వారాలకే నింపేవాళ్లు లేకుండా పోయారు. ఇప్పుడు ఏడే: తేదీ, భాగం, ఏం అనుకున్నాం, ఎందుకు, ఏం వద్దనుకున్నాం, ఫైలు లింకు, ఎవరు. వీటిలో నాకు అన్నిటికంటే విలువైనది "ఏం వద్దనుకున్నాం". కొలతలు డ్రాయింగులో ఎలాగూ ఉంటాయి. పక్కన పడేసిన ఆలోచనలు మాత్రం ఇక్కడ తప్ప ఎక్కడా దొరకవు. అది ఖాళీగా ఉంటే వచ్చే ఏడాది పిల్లలు అదే దారిలో మళ్లీ రెండు నెలలు పోగొట్టుకుంటారు.

షీట్‌లో బాగా పనికొచ్చినది ఒక్కో గడికి ఉండే ఎడిట్ హిస్టరీ. గడి మీద రైట్‌క్లిక్ చేస్తే ఎవరు, ఎప్పుడు, దేన్ని దేనిగా మార్చారో వరసగా చూపిస్తుంది. ఒకసారి స్టీరింగ్ ర్యాక్ ప్రయాణం విలువ మారిపోయి ఇద్దరి మధ్య మాటామాటా పెరిగింది. హిస్టరీ తెరిస్తే పది రోజుల కిందటి మార్పు, దానికి ముందున్న విలువ రెండూ కనిపించాయి. గొడవ అక్కడితో ఆగింది. ఫ్యాబ్రికేషన్‌కి పంపే ముందు ఆ రోజు వెర్షన్‌కి పేరు పెట్టుకునే సదుపాయం కూడా తప్పకుండా వాడండి. "రోల్‌కేజ్ ఫ్రీజ్" అని పేరు పెట్టాక, ఆ తర్వాత ఏం మారిందో వెతుక్కోవడం చాలా తేలిక.

క్యాడ్ ఫైళ్ల సంగతి మాత్రం వేరు. మేం డిజైన్ గీసే సాలిడ్‌వర్క్స్‌లో అసెంబ్లీ ఫైలు (భాగాలన్నీ కలిపిన ఫైలు) తన భాగాలు ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఉన్నాయో గుర్తుపెట్టుకుని వాటిని పిలుచుకుంటుంది. ఈ ఫైళ్లు ఉంచే గూగుల్ డ్రైవ్‌లో ఎవరైనా పేరు మారిస్తే తెరిచినప్పుడు సగం బండి మాయం. పైగా ఇద్దరు ఒకే అప్‌రైట్ (చక్రం హబ్‌ని పట్టి ఉంచే భాగం) మీద పనిచేస్తే, ఆఖరున ఎక్కించినవాళ్లదే నిలుస్తుంది. ఇలాంటి ఫైళ్ల పాత వెర్షన్లు 30 రోజులు దాటాక, లేదా 100 కొత్త వెర్షన్లు వచ్చాక తొలగిపోవచ్చు. దాచుకోవాలంటే ఆ వెర్షన్ దగ్గర శాశ్వతంగా ఉంచమని మనమే గుర్తు పెట్టాలి. మేం పెట్టలేదు, ఒక హబ్ పాత డిజైన్ పోయింది. తప్పు మాదే. అప్పటినుంచి ప్రతి శనివారం సాయంత్రం ప్యాక్ అండ్ గో (అసెంబ్లీకి కావాల్సిన ఫైళ్లన్నీ ఒకచోట చేర్చే సదుపాయం) చేసి, తేదీతో జిప్ పెడుతున్నాం. దాంతోపాటు ఒక స్టెప్ ఫైలు (వేరే క్యాడ్ సాఫ్ట్‌వేర్లూ చదవగలిగే రకం), డ్రాయింగు పీడీఎఫ్. సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వచ్చినా ఈ రెండూ తెరుచుకుంటాయి.

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిళ్లు, ఫొటోలు కూడా. భాగం లోడుని తట్టుకుంటుందా అని కంప్యూటర్లో చేసే అనాలిసిస్ రిజల్ట్ ఫైళ్లు పెడితే ఒక్క నెలలో నిండిపోతుంది. మేం లోడు ఎంత, ఎక్కడ బిగించాం, మెష్ సైజు (లెక్క కోసం భాగాన్ని ఎంత చిన్న ముక్కలు చేశామో), చివర వచ్చిన చిత్రం మాత్రమే ఉంచుతాం. మళ్లీ కావాలంటే నడుపుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అకౌంట్ వల్ల తగిలింది. ఫైలు ఎవరు తయారుచేస్తే వాళ్ల అకౌంట్‌దే అవుతుంది, అందరితో షేర్ చేసినా సరే. మా బ్రేక్స్ ఫోల్డర్ మొత్తం ఒక అన్నయ్య కాలేజీ ఐడీతో చేసినది. ఆయన పాసై వెళ్లిన కొన్ని నెలలకు ఆ ఐడీ మూసేశారు, దాంతో ఫోల్డర్ కూడా పోయింది. పెడల్ రేషియో, మాస్టర్ సిలిండర్ లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకున్నాం. ఆ నెల రోజుల టెన్షన్ ఏ టీముకీ వద్దు. కాలేజీ ఐడీ కింద ఉన్న ఫైలుని బయటి జీమెయిల్‌కి బదిలీ చేయడం కుదరదు, కాపీ తీసుకోవాల్సిందే. అందుకని మొదటి రోజే టీమ్ పేరుతో ఒక జీమెయిల్ తెరిచి, అన్నీ దాని కింద తయారుచేయండి. రికవరీ నంబరు విద్యార్థిది పెట్టొద్దు, ఫ్యాకల్టీ అడ్వైజర్‌ది పెట్టండి.

గిట్ (ఫైళ్ల మార్పులన్నీ వెర్షన్లుగా దాచే సాఫ్ట్‌వేర్) వాడొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆఫీసులో నేను రోజూ వాడతాను. కోడ్‌కి అది బంగారం. వెల్డింగ్ సీజన్ మధ్యలో పాతికమందికి నేర్పడం మాత్రం మా వల్ల కాలేదు.

వర్క్‌షాపులో పుస్తకం తీసేయకండి. చేతులకి గ్రీజు ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్, దారంతో కట్టిన పెన్ను వెల్డింగ్ టేబుల్ దగ్గర ఉంచాం. ఏ జాయింట్ ఎవరు వేశారో, ఏ ట్యూబు ఏ బిల్లులోదో అందులో రాస్తారు. రాత్రి తాళం వేసేవాళ్లు ఆ పేజీ ఫొటో తీసి షీట్‌లో లింకు పెడతారు. టెక్నికల్ ఇన్‌స్పెక్షన్‌లో ట్యూబు బిల్లు, టెస్ట్ సర్టిఫికెట్ అడిగినప్పుడు మా వాళ్లు ఫైలు తిరగేయకుండా తీసి చూపించగలిగారు.

ఎంత చెప్పినా రాత్రి పదకొండింటికి అలిసిపోయినవాళ్లు షీట్ నింపరు. పనిచేసిన నియమం ఒక్కటే: వరుస నంబరు లేని డ్రాయింగు మిషన్ ఎక్కదు. డ్రాయింగు మూలన వివరాలు రాసే టైటిల్ బ్లాక్‌లో, షీట్‌లోని ఆ వరుస నంబరుకి ఒక గడి పెట్టాం. దీన్ని నిలబెట్టింది మా లేత్ దగ్గర పనిచేసే టెక్నీషియన్ గారు. నేను తెచ్చిన స్పేసర్ (రెండు భాగాల మధ్య ఎడం ఉంచే ముక్క) డ్రాయింగునే ఒకసారి వెనక్కిచ్చేశారు. "నంబరేదమ్మా? రాసుకుని రా, అప్పుడు చేద్దాం." అక్కడే లేత్ పక్కన నిలబడి ఫోన్లో వరుస నింపాను. "ఎందుకు" అనే గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. రెండు స్పేసర్లు కాదు, ఒకటే చాలని అప్పుడు తెలిసింది.

ఈ ఏడాది మా టీమ్ పిల్లలు ఎలక్ట్రిక్ బాహాకి మారుతున్నారు. షీట్‌లో కొత్త ట్యాబ్ తెరిచారు. మొదటి వరుస బ్యాటరీ బాక్స్ ఎక్కడ పెట్టాలన్నది. సీటు వెనకే అనుకున్నారు, ఎందుకో అయిదు లైన్లు రాశారు. "ఏం వద్దనుకున్నాం" గడి ఇంకా ఖాళీగా ఉంది. నిన్న రాత్రి దాని మీద కామెంట్ పెట్టాను: "సీటు కింద ఎందుకు కుదరలేదు నాన్నా? రాసిపెట్టండి."