లోమచెంకో, మెక్‌గుయిగన్: బెల్టుకు రెండు దారులు

ఇద్దరూ ఒకప్పుడు బాక్సింగ్‌లో ఫెదర్‌వెయిట్ (126 పౌండ్ల లోపు బరువు) ప్రపంచ చాంపియన్లే. ఉక్రెయిన్ బాక్సర్ వసీల్ లోమచెంకో 2008, 2012 ఒలింపిక్ స్వర్ణాలతో ప్రొఫెషనల్‌లోకి వచ్చి, రెండో బౌట్‌లోనే టైటిల్‌కి దిగాడు. ఎదురుగా అప్పటి చాంపియన్, మెక్సికో బాక్సర్ ఓర్లాండో సలీడో. అతను 126 పౌండ్ల పరిమితికి తగ్గలేక తన బెల్టు, అంటే టైటిల్, ముందే పోగొట్టుకున్నాడు. అయినా రింగులో మీద పడి, నడుం కింద దెబ్బలేసి మరీ గెలిచాడు! 2012 ఒలింపిక్స్‌లో మూడు రౌండ్లే, ఇక్కడ పన్నెండు. ఆ అలవాటు ఒక్క బౌట్‌తో వస్తుందా? నాలుగు నెలలు తిరక్కుండానే లోమచెంకో అమెరికా బాక్సర్ గ్యారీ రస్సెల్ జూనియర్‌ని ఓడించి బెల్టు పట్టాడులెండి.

ఐర్లాండ్ బాక్సర్ బారీ మెక్‌గుయిగన్‌ది నిదానం. 1978లో కామన్వెల్త్ స్వర్ణం, 1981లో ప్రొఫెషనల్, మూడో బౌట్‌లో ఓటమి. 1985లో లండన్‌లో అప్పటి చాంపియన్, పనామా బాక్సర్ యూసెబియో పెడ్రోజాను ఏడో రౌండ్‌లో పడగొట్టి, పదిహేను రౌండ్లాడి బెల్టు గెలిచాడు.

మామూలు బాక్సర్‌కైతే నేను రెండో దారే, మెక్‌గుయిగన్ దారే చెబుతాను.