35 వేల మంది లెక్కా, 464 మంది ట్రయలా: ఏ పరిశోధనను నమ్మడం మేలు?

కొత్త మందు పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ పాఠకుల నుంచి నాకు దాదాపు ఒకే ప్రశ్న వస్తోంది. "అక్కడ వేల మందికి ఇచ్చారట, చాలామందికి తగ్గిందట. ఇక్కడేమో నాలుగైదు వందల మంది మీద చూసి పనిచేయదంటున్నారు. ఏది నమ్మాలండీ?" కోవిడ్ రోజుల్లో మొదలైన ఈ ప్రశ్న ఇంకా ఆగలేదు. విడివిడిగా జవాబులు రాసే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణలన్నీ కోవిడ్ కాలానివే తీసుకున్నాను. ఒకే జబ్బు మీద, ఒకే సమయంలో, అన్ని రకాల పరిశోధనలూ పక్కపక్కనే జరిగిన సందర్భం అలాంటిది మరొకటి లేదు.

పోటీ ముఖ్యంగా మూడింటి మధ్య. చికిత్స తీసుకున్నవాళ్ల రికార్డులు తిరగేసి లెక్కలు కట్టే అబ్జర్వేషనల్ స్టడీ ఒకటి. ఎవరికి కొత్త మందు, ఎవరికి మామూలు చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో తేల్చే చిన్న ర్యాండమైజ్డ్ ట్రయల్ రెండోది. అదే లాటరీని వందల ఆసుపత్రుల్లో వేల మంది మీద నడిపే పెద్ద ట్రయల్ మూడోది. నా ఓటు మూడోదానికి. అది కుదరనప్పుడు రెండోదానికి. మొదటిదాన్ని తీసిపారేయడం లేదు, దానికి దక్కాల్సిన చోటు ఉంది. కానీ మందు పనిచేస్తుందా లేదా అని తేల్చే పని మాత్రం దానికి అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో ప్లాస్మా కథ చూస్తే తెలిసిపోతుంది.

కోలుకున్నవాళ్ల రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి వాళ్ల ప్లాస్మా ఎక్కిస్తే రోగి గట్టెక్కుతాడన్నది వినడానికి ఎంతో సబబుగా ఉండే ఆలోచన. అమెరికాలో మాయో క్లినిక్ ఆధ్వర్యంలో ప్లాస్మా ఎక్కించుకున్న 35 వేల మందికి పైగా రోగుల వివరాలను 2020 ఆగస్టులో విశ్లేషించారు. జబ్బు తేలిన మూడు రోజుల్లోపు ప్లాస్మా అందినవాళ్లలో వారం లోపల చనిపోయినవాళ్లు 8.7 శాతం. నాలుగు రోజులు, ఆపైన అందినవాళ్లలో 11.9 శాతం. అదే నెల 23న అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతి ఇచ్చేసింది. వంద మందిలో 35 మంది ప్రాణాలు నిలుస్తాయన్నట్టు ఆ సంస్థ అధిపతి మీడియా ముందు చెప్పి, ఆ తర్వాత ఆ మాట సరికాదని దిద్దుకోవలసి వచ్చింది.

అంతకు కొన్ని వారాల ముందే మన భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ తన ప్లాసిడ్ ట్రయల్‌లో రోగులను చేర్చుకోవడం ముగించింది. 39 ఆసుపత్రులు, 464 మంది రోగులు. లాటరీలో 235 మందికి ప్లాస్మా వచ్చింది, 229 మందికి మామూలు చికిత్స. జబ్బు ముదరడం గానీ, చనిపోవడం గానీ జరిగినవాళ్లు ప్లాస్మా వైపు 44 మంది, ఇటువైపు 41 మంది. అంటే 19 శాతం, 18 శాతం. తేడా లేదు.

35 వేలు ఒక పక్క, 464 ఇంకో పక్క. సరైన జవాబు చెప్పింది 464. అమెరికా లెక్కలో అసలు ప్లాస్మా తీసుకోనివాళ్లే లేరు. త్వరగా తీసుకున్నవాళ్లను ఆలస్యంగా తీసుకున్నవాళ్లతో పోల్చారు. త్వరగా ఎవరికి అందుతుంది? ఆసుపత్రికి తొందరగా వచ్చినవాళ్లకు, అన్ని సదుపాయాలూ ఉన్న చోట చేరినవాళ్లకు, మిగతా చికిత్స కూడా సక్రమంగా అందుతున్నవాళ్లకు. వాళ్లు బతికింది ప్లాస్మా వల్లా, ఈ మిగతా కారణాల వల్లా అన్నది ఆ రికార్డుల్లోంచి విడదీయడం సాధ్యం కాదు. తప్పుడు కాటాలో ఎన్ని బస్తాలు తూచినా బరువు సరిగ్గా రాదు. తర్వాత బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ 11 వేల 5 వందల మందికి పైగా రోగులతో ఇదే ప్రశ్నను మళ్లీ పరీక్షించింది. ప్లాస్మా తీసుకున్నవాళ్లలో 28 రోజుల్లో మరణాలు 24 శాతం, తీసుకోనివాళ్లలోనూ 24 శాతమే.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి ఒకటుంది. ప్లాసిడ్ ఫలితం 2020 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఐసీఎంఆర్ తన చికిత్స మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. మధ్యలో సెకండ్ వేవ్ వచ్చి పడింది. "బి పాజిటివ్ ప్లాస్మా అర్జెంట్" అన్న స్టేటస్‌లు ఏ ఫోన్ తెరిచినా కనిపించేవి. లోపల రోగి పక్కన ఉండాల్సిన కొడుకులు, అల్లుళ్లు దాతల కోసం ఊరంతా తిరిగారు. వాళ్లు తిరిగింది అప్పటికి ఆరు నెలల కిందటే పనిచేయదని తేలిన చికిత్స కోసం. అది తేల్చింది ఎవరో పరాయి దేశం వాళ్లు కూడా కాదు, మన ఆసుపత్రులే, మన రోగులే.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటుంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి లాటరీ వేయడమేమిటి, మందు ఉంటే ఇవ్వాలి గానీ అని. ఈ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది: కొత్త మందు ఇస్తే మేలే జరుగుతుంది, పోయేదేమీ లేదు అని. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి చూడండి. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో లాటరీ లేకుండా కొద్దిమంది మీద జరిగిన ఒక అధ్యయనం దానికి ప్రపంచమంతా గిరాకీ తెచ్చింది. మందు మొదలుపెట్టిన 26 మందిలో ఆరుగురిని లెక్కలోంచి తప్పించారు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఐసీయూలోకి వెళ్లినవాళ్లు, ఒకరు చనిపోయినవారు. ఆ పత్రాన్ని జర్నల్ 2024 డిసెంబరులో వెనక్కి తీసుకుంది. రికవరీ ట్రయల్ మాత్రం లాటరీ వేసి అదే మందును 1,561 మందికి ఇచ్చి చూసింది. మందు తీసుకున్నవాళ్లలో 27 శాతం, తీసుకోనివాళ్లలో 25 శాతం చనిపోయారు. మందు వైపు పడ్డవాళ్లకు ఏ మేలూ జరగలేదు. మందు సంగతి తెలియనంత కాలం లాటరీలో ఏ వైపు పడటం అదృష్టమో ఎవరూ చెప్పలేరు. తెలియని మందును అందరికీ ఇచ్చేయడం కూడా ప్రయోగమే. కాకపోతే దాని ఫలితం ఎవరూ రాసిపెట్టుకోరు.

ఇక పెద్ద ట్రయల్ ఎందుకు గొప్పదో చెప్పాలంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు దగ్గరికి రావాలి. నా దృష్టిలో మొత్తం మహమ్మారిలో వైద్య పరిశోధన సాధించిన గొప్ప విజయాల్లో ఇదొకటి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే నడిపిన ఈ రికవరీ ట్రయల్‌లో మొదటి రోగి చేరింది 2020 మార్చి 19న. డెక్సామెథసోన్ ఫలితం ప్రకటించింది జూన్ 16న. మూడు నెలలు కూడా పట్టలేదు. అంత వేగం ఎలా వచ్చిందంటే, డాక్టర్ల మీద పని భారం పెంచకుండా ట్రయల్‌ను కట్టారు. వార్డులో డాక్టరు రోగి అంగీకారం తీసుకుని, వెబ్‌సైట్‌లో నాలుగు వివరాలు నింపితే ఏ చికిత్స ఇవ్వాలో కంప్యూటర్ అప్పటికప్పుడు చెప్పేది. రోగి డిశ్చార్జి అయినప్పుడో, చనిపోయినప్పుడో, 28 రోజులు నిండినప్పుడో ఒక చిన్న ఫారం నింపితే సరి. ప్రత్యేకమైన స్కానింగులు, అదనపు పరీక్షలు ఏమీ లేవు. అడిగిన ప్రశ్న ఒక్కటే: మనిషి బతికాడా లేదా?

అప్పటిదాకా స్టెరాయిడ్ల మీద డాక్టర్లు రెండు వర్గాలుగా చీలిపోయి ఉన్నారు. మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. పాత రికార్డులు ఎటూ తేల్చలేదు. స్టెరాయిడ్ ఇచ్చేది బాగా సీరియస్ అయినవాళ్లకే. వాళ్లలో మరణాలు ఎటూ ఎక్కువే. రికార్డుల్లో చూస్తే మందే చంపుతున్నట్టు కనిపిస్తుంది. లాటరీ ఈ చిక్కుముడిని ఒక్క దెబ్బతో విప్పేసింది. 2,104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల దాకా ఇచ్చారు. 4,321 మందికి ఇవ్వలేదు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి పడిపోయాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఏ మందుల షాపులోనైనా కొన్ని రూపాయలకు దొరికే పాత మాత్ర ఇది.

అసలు విషయం తర్వాతి వరుసలో ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మందు తీసుకోకపోతే మరణాలు 14 శాతం, తీసుకుంటే 17.8 శాతం. వీళ్లకు మేలు లేకపోగా కీడు జరిగే అవకాశం ఉందన్నమాట. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఒకే ట్రయల్ రెండూ చెప్పింది. ఇలా రోగులను గుంపులుగా విడదీసి చూడాలంటే వేల మంది కావాలి. చిన్న ట్రయల్‌కు ఆ శక్తి ఉండదు. అందుకే నా ఓటు పెద్దదానికి.

మన దగ్గర ఆ ఫలితంలో మొదటి సగమే ప్రిస్క్రిప్షన్ల దాకా వచ్చింది. 2021 వేసవిలో ఆక్సిజన్ స్థాయి 98 ఉన్నవాళ్లకు కూడా జ్వరం వచ్చిన రెండో రోజుకే స్టెరాయిడ్లు రాసిచ్చారు. షుగర్ ఉన్నవాళ్లకూ ఇచ్చారు. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది. దేశం మొత్తం మీద 40 వేలకు పైగా కేసులు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికే కేటాయించాల్సి వచ్చింది. బ్లాక్ ఫంగస్‌కు స్టెరాయిడ్ ఒక్కటే కారణం కాదు, అదుపులో లేని షుగర్‌ది పెద్ద పాత్ర. అయినా ఆ రెండో వరుసను చదివి పాటించి ఉంటే ఎన్ని కళ్లు, ఎన్ని దవడలు మిగిలేవో అనిపిస్తుంది.

చిన్న ట్రయల్‌కు ఉన్న లోటు కూడా ఒక ఉదాహరణతో చెబుతాను. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చిన 2-డీజీ పొడి మందుకు 2021 మేలో అనుమతి వచ్చింది. మూడో దశ ట్రయల్‌లో ఉన్నది 220 మంది. మూడో రోజుకు ఆక్సిజన్ అవసరం తీరినవాళ్లు మందు వైపు 42 శాతం, ఇటువైపు 31 శాతం అని ప్రభుత్వ ప్రకటన చెప్పింది. ఆశ కలిగించే అంకెలే. కానీ జనం అడిగింది ప్రాణం నిలుస్తుందా అని. మరణాల్లో రెండు మూడు శాతం తేడా పట్టుకోవాలంటే 220 మంది ఏ మూలకూ చాలరు. డెక్సామెథసోన్‌కు మొత్తం మీద వచ్చిన తేడా కూడా 25.7కు 22.9, అంతే. చెరో వంద మందితో చేసి ఉంటే అది యాదృచ్ఛికమని పక్కన పడేసేవాళ్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన సాలిడారిటీ ట్రయల్ కూడా పెద్దవాటి కోవలోదే. 30 దేశాలు, 405 ఆసుపత్రులు, 11,330 మంది. మన దేశమూ అందులో ఉంది. వైరస్ మీద పనిచేస్తుందని వాడిన రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ ఆసుపత్రిలో చేరినవాళ్ల మరణాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని 2020 అక్టోబరుకే తేల్చింది. ఆ తర్వాతి ఏప్రిల్‌లో ఆ వయల్ కోసం బ్లాక్‌లో జనం ఎంతెంత పోశారో మీకు తెలుసు.

మరి అబ్జర్వేషనల్ స్టడీకి చోటెక్కడ? అరుదైన దుష్ప్రభావాల దగ్గర. ఇక్కడ ట్రయల్ దాని ముందు నిలవదు. ఆస్ట్రాజెనెకా టీకా తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టే సమస్య బయటపడింది 2021 మార్చిలో, నార్వే, జర్మనీ డాక్టర్లు వరసగా వచ్చిన కేసులను గమనించడం వల్ల. లక్షల్లో ఒకరికి వచ్చే సమస్య వేల మంది ట్రయల్‌లో కనిపించే అవకాశం లేదు. మన కోవాగ్జిన్ మూడో దశ ట్రయల్ 25,798 మందితో జరిగింది. జబ్బుపడిన 130 మందిలో 106 మంది ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లు, 24 మంది టీకా వేయించుకున్నవాళ్లు. టీకా కాపాడుతుందా అన్నది తేల్చడానికి ఆ సంఖ్య చక్కగా సరిపోయింది. లక్షల్లో ఒకరికి ఏమవుతుందో తెలియాలంటే మాత్రం టీకా జనంలోకి వెళ్లాక కాచుకుని చూడాల్సిందే. టీకా రక్షణ ఎన్ని నెలల్లో తగ్గుతుందన్నది కూడా ఎక్కువగా ఇజ్రాయెల్ లాంటి దేశాల రికార్డుల నుంచే తెలిసింది.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ల్యాబ్‌లో కణాల మీద వైరస్ చచ్చిందన్న వార్త చికిత్స వార్త కాదు. పరాన్నజీవుల మందు ఐవర్‌మెక్టిన్ కథ అక్కడే మొదలైంది. 1,358 మందితో బ్రెజిల్‌లో జరిగిన ట్రయల్‌లో దాని మేలు తేలలేదు. పేరున్న డాక్టరు అనుభవం ప్రశ్న పుట్టించడానికి పనికొస్తుంది, జవాబుకు కాదు. కృష్ణపట్నం ఆనందయ్య మందు విషయంలోనూ అంతే. తీసుకున్నవాళ్లకు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారు. కోవిడ్ వచ్చిన వందమందిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకుంటారు కాబట్టి తీసుకోనివాళ్లను కూడా పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ ఫోన్లకు విలువ రాదు.

మన దగ్గర ఇలాంటి లాటరీ ట్రయల్స్ కుదరవని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1956లో మద్రాసులో క్షయ రోగులను లాటరీ వేసి కొందరికి ఇంట్లో, కొందరికి శానటోరియంలో చికిత్స చేశారు. ఉన్నది 193 మందే. ఇంట్లో చికిత్స అంతే బాగా పనిచేసింది, ఇంట్లోవాళ్లకు అదనంగా ముప్పేమీ రాలేదు. క్షయ చికిత్స ప్రపంచమంతటా శానటోరియంల నుంచి ఇళ్లకు మారడానికి ఆ ట్రయల్ దారి వేసింది.

ఇకమీదట ఏ మందు గురించైనా వాట్సాప్‌లో స్టడీ అని వస్తే, అది మన దేశంలో జరిగిన ట్రయల్ అయితే ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో వెతకండి. 2009 జూన్ నుంచి దేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్‌ను అందులో ముందుగా నమోదు చేయాలి. అక్కడ మూడు చూడండి: లాటరీ పద్ధతి ఉందా, ఎంతమంది, చివరికి కొలిచేది ఏమిటి. మూడోది చాలామంది చూడరు. రిపోర్టులో అంకెలు మారడం వేరు, మనిషి ఇంటికి తిరిగి రావడం వేరు. రేపు మీ ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ట్రయల్‌లో చేరతారా అని డాక్టరు అడిగితే, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మధ్యలో మానుకునే వీలుందా, మామూలు చికిత్స ఏదైనా ఆపుతారా అని అడగండి. జవాబులు సరిగ్గా ఉంటే నేనైతే సంతకం పెడతాను.