మొదటి ప్రశ్న నాకే పడింది: 3 నెలల లైఫ్‌స్టైల్ కౌన్సెలింగ్ గురించి

పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి రెండో ఏడు నడుస్తోంది. ఇన్నాళ్లూ స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ మా ఆవిడకే. నేను బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఈసారి వెళ్లిన ఫెర్టిలిటీ సెంటర్‌లో మాత్రం మందుల కంటే ముందు ఇద్దరికీ 3 నెలల కౌన్సెలింగ్ అన్నారు. బిల్లు పెంచడానికేమో అనుకున్నాను.

గదిలోకి వెళ్లి కూర్చోగానే కౌన్సెలర్ మేడమ్ నావైపు తిరిగి, "లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుని పనిచేస్తారండీ?" అని అడిగారు. ఒళ్లో అన్నాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. వృషణాలు ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయట. తర్వాత సిగరెట్ల సంగతి. "రోజుకి రెండో మూడో" అని నసిగాను. "ఆరు" అంది మా ఆవిడ. మేడమ్ నా మొహం కూడా చూడకుండా ఫైల్లో 6 అని రాసుకున్నారు.

అసలు 3 నెలలు ఎందుకో కూడా అప్పుడే చెప్పారు. ఒక వీర్యకణం తయారవడానికే దాదాపు 72 రోజులు పడుతుందట. ఇవాళ మానేసిన సిగరెట్ ఇవాళ్టి రిపోర్టులో కనపడదు. ఇంతకుముందు ఏ డాక్టరూ నాకీ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదనుకోండి.

మా ఆవిడకి పీసీఓఎస్ ఉంది, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం నెలనెలా సరిగ్గా విడుదల కాని సమస్య. "బరువు తగ్గమ్మా" అని అందరూ అనేవాళ్లే, ఎంత అని చెప్పినవాళ్లు లేరు. ఇక్కడ ఉన్న బరువులో 5 శాతం తగ్గినా అండం విడుదల గాడిలో పడొచ్చన్నారు. 80 కిలోల మనిషికి అంటే 4 కిలోలు. ఆ అంకె వినగానే తన భుజాలు కిందికి దిగడం నేను చూశాను. మూడున్నర తగ్గింది. రెండు నెలలకోసారి వచ్చే పీరియడ్ ఇప్పుడు 35 రోజులకి వస్తోంది. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటినుంచే వేసుకోమన్నారు.

నా వీర్యకణాల కౌంట్ మొదట మిల్లీలీటరుకి 11 మిలియన్లు. డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన కింది హద్దు 16. మొన్నటి రిపోర్టులో 19 వచ్చింది. ఇంకా కడుపు రాలేదు, అది వేరే సంగతి.

నచ్చనివీ ఉన్నాయి. శాంపిల్ ఇచ్చే గది సరిగ్గా రిసెప్షన్ పక్కనే, లోపల ఉన్నంతసేపూ బయట టోకెన్ నంబర్ల పిలుపులు వినపడుతూనే ఉంటాయి. "టెన్షన్ పడకండి" అంటూ గంటసేపు ఒక క్లాసు, అది విన్నాకే నాకు టెన్షన్ మొదలైంది. కడుపు రావడానికి వీలున్న రోజులు లెక్కపెట్టే వాళ్ల యాప్ ఒకటి ఉంది, "ఈ 6 రోజులూ ముఖ్యం" అని ఆఫీస్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడే పాపప్ ఇచ్చింది. బయటికి వస్తుంటే కౌంటర్ దగ్గర "మగవాళ్ల పౌడర్" డబ్బా చేతిలో పెట్టబోయారు. వెనక్కి వెళ్లి మేడమ్‌ని అడిగితే, "నేను రాయలేదు కదండీ" అన్నారు.

నాలుగు స్టార్లు. ఐదోది ఆ డబ్బాకి పోయింది.