తోడేలు లైట్లు: నాలుగు నెలలు మంద చుట్టూ పాతి చూసినాక

తోడేళ్ళు బెదిరి మంద దగ్గరికి రాకుండా రాత్రంతా మిణుకుమనే సోలార్ లైట్లు ఇవి. ముందు లెక్క చెప్పేస్తా. నాలుగు లైట్ల సెట్టు 2,600 రూపాయలు. అనంతపురం పాతూరులో మోటార్లు, పైపులు అమ్మే కొట్లో కొన్నా. అడవిపందులు రాకుండా శెనిక్కాయ చేన్లలో పెట్టుకుంటారని ఆయన తెప్పించి పెట్టినాడు. నాకు చేనికి కాదు, గొర్లమందకు అంటే ఎగాదిగా చూసి, "గొర్లకు లైట్లెందుకప్పా, పెండ్లి చేస్తాండావా?" అన్నాడు. కంపెనీ పేరు రాయను. ఒకే అచ్చులో పోసినట్టుండే ఈ లైట్లను పది పేర్లతో అమ్ముతున్నారు, పేరు చూసి కొనే వస్తువు కాదిది.

మాది రాయదుర్గం పక్క పల్లె, కురుబోళ్ళం. నాకు 180 జీవాలు, ముప్పై మేకలు. కోతలయినాక మంద చేను మారుతూ పోతుంటుంది. ఎరువు కోసం రైతు మంద తోలించుకుంటాడు, రాత్రికి ఇంతని మాట్లాడుకుంటాం. మా తాత కాలంలో మంద పడుకునే చోటల్లా తుమ్మకంప కొట్టి రొప్పం కట్టేవాళ్ళు. ఇప్పుడు నైలాన్ వల, పన్నెండు గూటాలు, అంతే. అర్ధగంటలో పని అయిపోతుంది. మోయడానికి మాకు ఎంత తేలికో, దూకడానికి తోడేలుకూ అంతే తేలిక.

దసరా అయిన వారానికి ఒక రాత్రి రెండు పిల్లలు పోయినాయి. కుక్కలు మొరిగితే నేను టార్చి వేసుకుని ఆ పక్కకు ఉరికినా. అదే నా తప్పు. ఒక తోడేలు కుక్కల్ని ఆ పక్కకు లాక్కుపోతే రెండోది ఈ పక్క నుంచి వస్తుందని మా నాయన వంద సార్లు చెప్పింటాడు. పొద్దున చూస్తే వంక ఇసుకలో జాడలు తప్ప ఏమీ లేవు. నష్టం రాయించుకుందామని ఒక ఆఫీసుకు పోతే, చచ్చిన జీవం ఫొటో, డాక్టరు కాయితం తెమ్మన్నారు. ఎత్తుకుపోయిన పిల్లకు ఫొటో యాడ నుంచి తేవాల? తోడేలునడిగి తేవాల్నా?

ఆ రెండూ పెరిగింటే సంతలో తక్కువంటే పదహారు వేలు పలికేవి. లైట్లు 2,600. ఆ లెక్కతో కొన్నా.

వస్తువు సబ్బుపెట్టె అంత ఉంటుంది. పైన చిన్న సోలార్ పలక, ముందర రెండు ఎర్ర బల్బులు, వెనక గూటానికి బిగించేదానికి మర. చీకటి పడంగానే తనంతట తానే మిణుకుమనడం మొదలుపెడుతుంది, తెల్లారితే ఆరిపోతుంది. దూరం నుంచి చూస్తే ఏదో జంతువు కండ్లు ఆర్పుతున్నట్టు ఉంటుంది. ఒక పగలు ఎండలో పెడితే ఏడు రాత్రులు వెలుగుతుందని పెట్టె మీద రాసినారు. నేను పగలంతా గోనెసంచి కప్పి పెట్టి చూసినా. మూడో రాత్రికి మసకేసింది, నాలుగో రాత్రి వెలగనే లేదు. సరే, మాకు ఏడు రాత్రులు ఎందుకు? ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మాది, ఎండకు కరువు లేదు. దుమ్ముతోనే చావు. వాన పడే సీమల్లో పలకను వానే కడుగుతుందేమో, ఇక్కడ రెండు రోజులకొకసారి నేనే తువ్వాలు తడిపి తుడవాల. మర్చిపోయిన వారం లైట్లు జ్వరం వచ్చిన మనిషి మాదిరి మూలుగుతా వెలిగినాయి.

నీళ్ళు చొరబడవని కూడా రాసినారు. డిసెంబరులో ముసురు రెండు రోజులు పట్టింది. నాలుగింట్లో ఒకదానికి లోపల ఆవిరి పట్టి చచ్చింది. కొట్టుకు తీసుకుపోతే "వాన్లో పెట్టినావా?" అని అడిగినాడాయన. ఇంకేం, దేవుని గూట్లో పెట్టుకోవాల్సింది నేను. మార్చియ్యలేదు. మిగిలిన మూడింటికీ మూత సందులో సైకిల్ ట్యూబు కోసి బిగించినా, తర్వాత ఏమీ కాలేదు. మీరు కొంటే మొదటి రోజే ఆ పని చేసుకోండి.

మొదటి రాత్రి తోడేలు సంగతి దేవుడెరుగు, జీవాలే జడుసుకున్నాయి. తెలియక బల్బులు లోపలి పక్కకు తిప్పి పెట్టినా. మంద మంద అంతా ఒక మూలకు తోసుకుంది. అడుగున పడిన పిల్లల్ని బయటికి లాగేసరికి నా పానం పోయినంత పనైంది. బల్బులు బయటికే చూడాల, మోకాలికి కొంచెం పైన ఉండాల. మనిషి ఎత్తున కడితే దారిన పోయేవాళ్ళకు తప్ప తోడేలుకు పనికిరావు. రెండో రాత్రి అదే అయింది. బైకు మీద పోతున్న ఇద్దరు పిల్లోళ్ళు కొరివిదయ్యం అనుకుని బండి అక్కడే పడేసి ఉరికినారు. తెల్లారి మా పెద్దమ్మ వచ్చి, "నాయనా, నీ మంద కాడ ఎవరో ఏందో చేసి పెట్టినారంట, ఒక నిమ్మకాయ కట్టుకో" అనింది. నిమ్మకాయ కూడా కట్టినా. కాబట్టి ఇందులో లైటు గొప్పెంత, నిమ్మకాయ గొప్పెంత అని అడిగితే నేను చెప్పలేను.

ఇక పనిచేసిందా లేదా. మొదటి మూడు వారాలు బాగా పనిచేసింది. జాడలు చూస్తే తెలుస్తుంది: వచ్చినాయి, మందకు యాభై బారల దూరంలో నిలబడినాయి, అట్నే చుట్టుకుని పోయినాయి. నాలుగో వారం ఇరవై బారల దాకా వచ్చినాయి. ఐదో వారం ఒక తెల్లారుజామున గూటం పక్కనే జాడ కనపడింది. ఒకే చోట, ఒకే తీరుగా మిణుకుమనేది కరవదు, కర్ర ఎత్తదు అని వాటికి అర్థమైపోయింది.

అప్పుడు బెంగళూరులో చదివే మా అక్క కొడుకు ఫోన్లో ఒక వీడియో చూపించినాడు. కెన్యాలో నైరోబి పార్కును ఆనుకుని ఉండే కిటెంగెలా అనే చోట మసాయి తెగ పిల్లోడు, పేరు రిచర్డ్ తురెరె. పశువుల దొడ్డి కాపలా వానిది. పార్కులోంచి సింహాలు వచ్చి తినిపోతుండె. ముందు మంట పెట్టినాడంట, ఆ వెలుతుర్లో దొడ్డి సింహాలకు ఇంకా బాగా కనపడింది. తర్వాత బెదురుబొమ్మ నిలబెట్టినాడు. మొదటి రాత్రి బెదిరినాయి, రెండో రాత్రి ఇది కదల్లేదే అని చూసుకుని లోపలికొచ్చినాయి. ఒకనాడు టార్చి పట్టుకుని దొడ్డి చుట్టూ తిరుగుతుంటే మాత్రం రాలేదు. అంటే భయం వెలుతురుకు కాదు, కదిలే వెలుతురుకు. పాత కారు బ్యాటరీ, బైకు ఇండికేటరు, పాడైన టార్చిలోని బల్బులు కలిపి, దొడ్డి చుట్టూ మిణుకుమంటూ వెలిగేట్టు కట్టినాడు. లోపల ఎవరో టార్చితో తిరుగుతున్నట్టు సింహాలకు అనిపిస్తుంది, వాడేమో ఇంట్లో పడుకుని ఉంటాడు. అప్పుడు వానికి పదకొండేండ్లు. 2013లో వాడే పెద్ద వేదిక మీద నిలబడి ఇదంతా చెప్పినాడు.

నా పెట్టె తయారుచేసినోళ్ళు ఆ వీడియో సగం చూసి లేచిపోయినట్టున్నారు. వెలుతురు పెట్టినారు, నడక పెట్టలేదు. ఆ నడక నేను పెట్టుకున్నా. రోజూ సాయంత్రం లైట్లు ఒక గూటం నుంచి ఇంకో గూటానికి మార్చడం, ఒకదాన్ని మాత్రం దోటికి తాడుతో వేలాడదీయడం. గాలికి ఊగే ఆ ఒక్కటే మిగతా రెండింటి పని చేసింది. జనవరి నుంచి జాడలు మళ్ళీ దూరం జరిగినాయి. నాలుగు నెలల్లో రాత్రిపూట వలలోంచి ఒక్క పిల్ల పోలేదు. పగటిపూట ఒకటి పోయింది, వంక గట్టున నేను సద్ది తింటుంటే. దానికి లైటేం చేస్తుంది.

ఊరకుక్కలకు ఇది అస్సలు పనికిరాదు. వీధిలైట్ల కింద పుట్టి పెరిగినవి, వాటికి ఎర్ర మిణుకు ఒక లెక్కా? కోడి వ్యర్థాలు పారబోసే దిబ్బకు దగ్గర్లో మంద కట్టిన రాత్రి, లైటు పక్కన్నుంచే వచ్చి ఒక పొట్టేలు తొడ పీకినాయి. ఇంకొకటి దొంగలు. చీకట్లో మంద యాడుందో తెలియక పోయేవానికి ఇది దారి చూపిస్తుంది. అందుకని రోడ్డు దగ్గర మంద పడితే రోడ్డు పక్క లైటు పీకేస్తా. అసలు నిజం చెప్పాలంటే, నాలుగేండ్లలో తోడేళ్ళు తిన్నదానికన్నా నీలినాలుక ఒక్క వానకాలంలో ఎక్కువ తీసుకుపోయింది. కంటికి ఆనని చిన్న ఈగ కుట్టి వచ్చే రోగం అది. ఆ ఈగను తిట్టేవాళ్ళను నేను చూడలేదు. తోడేలుకు పండ్లుంటాయి, కనపడుతుంది, దాన్నే తిడతాం.

రెండు పిల్లలు పోయిన మరునాడు ఒకాయన గుళికల మందు పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టినాడు. చచ్చిన జీవం మీద చల్లి గుట్ట కింద పడేస్తే పీడ విరగడైతుందని. లైట్లకు 2,600 పెట్టిన మనిషి బుద్ధిమంతుడని అనుకోవద్దండి, ఆ పొట్లం రెండు రోజులు నా సంచిలోనే ఉండింది. ఆ మందు తోడేలుతో ఆగదు. నక్క తింటుంది, గద్ద తింటుంది, ఆఖరికి మన మంద కుక్క తింటుంది. మా చిన్నాయన అట్నే రెండు మంచి కుక్కల్ని పోగొట్టుకున్నాడు. 1972 వన్యప్రాణి చట్టంలో పెద్దపులి ఉండే మొదటి షెడ్యూల్‌లోనే తోడేలు కూడా ఉంది, చంపితే మూడేండ్లకు తక్కువ కాకుండా జైలు అని అక్క కొడుకు భయపెట్టినాడు. మా నాయన జైలు మాట ఎత్తలేదు. "తోడేలు పోతే జింకలకు, పందులకు అడ్డెవరు? చేను అవి మేస్తే రైతు మంద యాడ తోలించుకుంటాడు? మంద మన కురుబోళ్ళ దేవుడు బీరప్పది. దాని వంతు దానికుంటుంది, మరీ ఎక్కువ తీసుకోకుండా చూసుకోవాల, అంతే" అన్నాడు. పొట్లం గుంత తీసి పూడ్చినా.

మా చుట్టుపక్కల ఎనిమిది మందలోళ్ళం ఉన్నాం. ఒక ఆదివారం కూర్చున్నాం. గుళికలు వద్దు. గుట్టలో తోడేలు గవికి పొగ పెట్టొద్దు. చలికాలంలో అది పిల్లల్ని పెడుతుంది కాబట్టి ఆ రెండు నెలలు మందలు ఆ పక్కకు తోలొద్దు. నెలకు మందకు వంద రూపాయలు ఒక డబ్బాలో వేయాల. తోడేలు పిల్లను ఎత్తుకుపోతే డబ్బాలోంచి రెండు వేలు. ఫొటో అక్కర్లేదు, జాడ చూసి నలుగురు ఒప్పుకుంటే చాలు. ఇది మా బుర్రలో పుట్టింది కాదు. హిమాచల్‌లో స్పితి లోయలో కిబ్బర్ అనే ఊరోళ్ళు మంచుచిరుత తినే పశువులకు ఇట్లాంటి బీమా తామే నడుపుకుంటారని అక్క కొడుకే చెప్పినాడు. రెండో నెలకే మాలో ఒకడు రోగంతో చచ్చిన పిల్లను తోడేలు ఖాతాలో రాయబోయినాడు. జాడ తెలిసినోళ్ళ ముందర ఆ ఆటలు సాగుతాయా? వానికి వంద రూపాయలు జరిమానా, అదీ డబ్బాలోకే.

మంద ఉంటే జంతువు బతకదు అని చదువుకున్నోళ్ళు అంటుంటారు. మా అత్తగారి ఊరు నందికొట్కూరు పక్క. అక్కడికి దగ్గర్లో రోళ్ళపాడు ఉంది, బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసినారు, ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. చిన్నప్పుడు జీవాలు మేపుతా ఆ పిట్టను చూసినానని మా మామ చెబుతాడు, నడుము ఎత్తు ఉండేదంట. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలున్నాయి, తోడేళ్ళున్నాయి, ఆ పిట్ట మాత్రం కనపడదు. జీవాల్ని బయటికి తోలితే సరిపోయేదైతే అది ఉండాల కదా. మా గుట్ట తోడేలును కాపాడమని మాకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతమివ్వడం లేదు. మేం దాని మధ్యలో పడుకుంటాం కాబట్టి మాట్లాడుకున్నాం.

ఐదుకు మూడు మార్కులేస్తా. ఊగే లైటు ఉపాయం నాది కాబట్టి ఆ అరమార్కు కంపెనీకివ్వను. మనిషి మంద కాడ పడుకోకుండా లైట్లు పెట్టి ఇంటికి పోదామనుకునేవాళ్ళు కొనొద్దు. రెండు మంచి కుక్కలుండి, లైట్లు రోజూ చోటు మార్చే ఓపిక ఉంటే కొనండి. నాలుగు కాదు ఆరు కొనండి, రెండు చస్తాయి. మా డబ్బాలోని దుడ్లతో ఇంకో సెట్టు తెచ్చినాం, ఈసారి వేరే కొట్లో, వాన్లో పెడితే మార్చిస్తానని కాయితం మీద రాయించుకుని.

మార్చి మొదట్లో మంద తుంగభద్ర నీళ్ళు తెచ్చే హెచ్చెల్సీ కాలువ కింద కణేకల్లు వైపు పోతుంది. మూడు లైట్లతో పాటు చచ్చిన నాలుగోదాని డొల్ల కూడా సంచిలో వేసుకున్నా. అక్క కొడుకు శివరాత్రికి వచ్చినప్పుడు దాంట్లో బైకు ఇండికేటరు పెట్టి చూస్తానన్నాడు. బైకు నాదే.