టైమ్‌ల్యాప్స్ ఫ్లికర్: ఫొటోల దశలోనే తీసేయాలా, వీడియో అయ్యాకా?

టైమ్‌ల్యాప్స్ అంటే విరామాలతో తీసిన ఫొటోలను కలిపి చేసే వీడియో. ప్రతి క్లిక్‌కీ, వెలుతురును నియంత్రించే లెన్స్ అపర్చర్ బ్లేడ్లు కచ్చితంగా ఒకే కొలతకు మూసుకోవు. ఆ చిన్న తేడానే వీడియోలో మినుకుమినుకుమంటూ కళ్లను ఇబ్బంది పెడుతుంది. అదే ఫ్లికర్.

ఫొటోల దశలో పనిచేసే ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్ సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేమ్ వెలుతురును కొలిచి, ఎక్స్‌పోజర్ (వెలుతురు స్థాయి) సవరణను ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్‌ల ఫైల్లో రాస్తుంది. కెమెరా తీసిన అసలు (రా) డేటా చెక్కుచెదరదు, సూర్యాస్తమయం రంగులు అలాగే నిలుస్తాయి. నా ఓటు దీనికే. కాకపోతే వందల ఫొటోల ప్రివ్యూలు తయారయ్యేదాకా ఓపిక పట్టాలి.

వీడియో అయ్యాక తీసేయాలంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ స్టూడియోలోని డీఫ్లికర్ ఎఫెక్ట్‌తో ఆ తతంగం లేదు. క్లిప్ మీద వేసి టైమ్‌ల్యాప్స్ సెట్టింగ్ ఎంచుకుంటే చాలు. వేగంగా కదిలే మబ్బులు, వాహనాల చుట్టూ మరకలు వచ్చాయేమో మాత్రం చూసుకోవాలి. ఫ్రేమ్‌లో ఒక మూల మాత్రమే, అంటే ట్యూబ్‌లైట్ వెలుగు పడే గోడలాంటిది, మినుకుమంటుంటే మొత్తం ఎక్స్‌పోజర్ మార్చి లాభం లేదు. అక్కడ రిజాల్వే నయం.